ఆపరేషన్ బల్ల మీద కాకిలెక్కలు

రక్తాన్ని యంత్రంలోకి మళ్లించి, గుండెను ఆపే ముందు ఆ యంత్రం గొట్టాలను ఏదో ఒక ద్రవంతో నింపాలి. లీటరు, లీటరున్నర పడుతుంది. యంత్రం తిరగడం మొదలవగానే అదంతా రోగి నెత్తురులో కలిసిపోతుంది. మత్తులో పడుకున్న మనిషి ‘నా ఒంట్లోకి ఏం పోస్తున్నారు?’ అని అడగలేడు. అతని తరఫున ముందే అడిగి, జవాబు రాబట్టి పెట్టాల్సింది పరిశోధన. ఆ పరిశోధనే అబద్ధమైతే?

అయింది. జర్మనీలోని లుడ్విగ్స్‌హాఫెన్ ఆసుపత్రిలో మత్తువైద్య విభాగానికి పెద్దగా ఉన్న యోఆఖిమ్ బోల్ట్ ఈ ద్రవాల విషయంలో ప్రపంచం చెవి ఒగ్గి విన్న నిపుణుడు. మొక్కజొన్న, బంగాళాదుంపల పిండిపదార్థం నుంచి తయారయ్యే హైడ్రాక్సీఇథైల్ స్టార్చ్‌ను ఆయన ఏళ్ల తరబడి వెనకేసుకొచ్చాడు. మనిషి ప్లాస్మా నుంచి తీసే ఆల్బుమిన్‌ ఖరీదెక్కువ, ఇది చవక. 2009లో గుండె ఆపరేషన్ రోగుల్లో ఈ రెండింటినీ పోల్చి చూశానంటూ ఒక వ్యాసం అచ్చు వేయించాడు. చదివిన డాక్టర్లకు పట్టికలు చూడగానే అనుమానం వచ్చింది. మనుషుల నెత్తురు నారుమడి కాదు, అంతా ఒకే ఎత్తున ఉండడానికి. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ ఉండాల్సిన పరీక్షల ఫలితాలు అక్కడ నమ్మలేనంత ఒద్దికగా ఉన్నాయి. కూపీ లాగితే ఎథిక్స్ కమిటీ అనుమతి లేదని, రాసిన తీరులో ఆ అధ్యయనం జరిగిన ఆధారాలూ లేవని బయటపడింది. 2010లో ఆ వ్యాసాన్ని రద్దు చేశారు, ఆయన ఉద్యోగం పోయింది. మరుసటి ఏడు పలు జర్నళ్ల సంపాదకులు కలిసి, అనుమతి ఆధారాల్లేని ఆయన వ్యాసాలు దాదాపు 90 వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడా లెక్క 200 దాటింది.

దీన్ని ‘పరిశోధనలో అవకతవక’ అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అవకతవక అంటే రేషన్ షాపు రిజిస్టరులో దొర్లేది. ఇది మనుషుల రక్తంలోకి వెళ్లిన అబద్ధం. ఎక్కడో ఐసీయూలో ఒక డాక్టరు అర్ధరాత్రి ఏ ద్రవం ఎక్కించాలో తేల్చుకోలేక పుస్తకం తిరగేస్తాడు. ఆ పుస్తకంలో ఉన్నది కల్పన అని ఆయనకు తెలియదు. ఆయన చేతులు నిర్మలమే, చేతికందిన జ్ఞానమే కల్తీ.

ఆ కల్తీ ఏం చేసిందో 2013లో తేలింది. విషమ స్థితిలో ఉన్న రోగుల మీద ఈ స్టార్చ్‌తో జరిగిన 38 అధ్యయనాలను కలిపి తూర్పారబట్టారు. అందులో బోల్ట్‌వి ఏడు, ఆ ఏడింటిలో కలిపి 590 మంది. ఆ తాలు కలిసి ఉన్నంతసేపూ మరణాల్లో తేడా తేటగా కనబడలేదు. తాలు ఎగిరిపోగానే నిజం మిగిలింది: స్టార్చ్ ఎక్కినవాళ్లలో మరణం ముప్పు 9 శాతం, మూత్రపిండాలు దెబ్బతినే ముప్పు 27 శాతం ఎక్కువ. అదే ఏడాది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక జారీచేసింది. బైపాస్ యంత్రం మీద చేసే గుండె ఆపరేషన్లలో రక్తస్రావం పెరుగుతుందన్న మాట కూడా అందులో చేర్చింది. యూరప్ అయితే ఈ ద్రవాల అనుమతిని నిలిపివేయడానికి 2022 దాకా ఆగింది. తొలి వ్యాసం రద్దయిన పన్నెండేళ్లకు! ఈ మధ్యలో డయాలసిస్ పాలైనవాళ్లను ఎవరు లెక్కపెట్టారు? రద్దయిన వ్యాసాలకు జాబితా ఉంది. చెడిన మూత్రపిండాలకు జాబితా లేదు.

నాకు పరిశోధన మీద కోపం లేదు. దానికి మేం రుణపడి ఉన్నాం. మా అన్నయ్యకు బైపాస్ అన్నప్పుడు రక్తదాతల కోసం బంధువులందరికీ ఫోన్లు చేసిన రాత్రి నాకింకా గుర్తుంది. హిమోగ్లోబిన్ ఎంతకు పడితే రక్తం ఎక్కించాలన్న ప్రశ్న మీద 2017లో ఐదు వేలమందికి పైగా గుండె ఆపరేషన్ రోగులతో ఒక పెద్ద అధ్యయనం వెలువడింది. 9.5 దగ్గరే ఎక్కించకుండా 7.5 దాకా ఆగినా రోగులకు కీడు పెరగలేదని తేల్చింది. రక్తం అవసరమైనవాళ్లు సుమారు 73 శాతం నుంచి 52 శాతానికి తగ్గారు. నిజాయితీగా లెక్కపెడితే ఎన్ని ఇళ్లలో రక్తదాతల కోసం ఆ పరుగు తప్పుతుందో చూడండి.

జర్మనీ గొడవ మనకెందుకనకండి. 2009లో మన ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా అధ్యయనం జరిగినప్పుడు, హాస్టల్ ఆడపిల్లల్లో ఎందరికో తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. అక్కడ అనుమతి ఉన్నట్టు రాసుకున్నారు, ఇక్కడ అనుమతి ఉన్నట్టు సంతకం చేశారు. రెండుచోట్లా మనిషిని మనిషిగా లెక్కవేయలేదు. ఇక మన మెడికల్ కాలేజీల్లో ప్రమోషన్ కావాలంటే వ్యాసాలు అచ్చు కావాలన్న నిబంధన ఉంది. మంచం పక్కన నిలబడే టైమే దొరకని అధ్యాపకుణ్ని పట్టుకుని పేపరు తెమ్మంటే కాకిలెక్కలే వస్తాయి.

అందుకే అడుగుతున్నాను. ఏ అధ్యయనాన్ని అచ్చు వేయాలన్నా ఒక్కొక్క రోగి వివరం, పేరు తీసేసి, ముందుగా పరిశీలకుల ఎదుట ఉంచాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితాన్ని జర్నల్ నేరుగా ఆ కమిటీనే అడిగి సరిచూసుకోవాలి. ఒక వ్యాసం రద్దయితే, దాన్ని ఆధారం చేసుకున్న ప్రతి చికిత్సా మార్గదర్శకాన్నీ గడువు పెట్టి తిరగరాయాలి. ప్రమోషన్‌కు వ్యాసాల సంఖ్యను ముడిపెట్టడం మానాలి.

అన్నయ్య ఆపరేషన్ కోసం ఆ రాత్రి ఆసుపత్రిలో నా ముందు పెట్టిన అంగీకార పత్రాన్ని నేను పూర్తిగా చదవలేదు, చదివినా అర్థమయ్యేది కాదు. సంతకం పెట్టాను. నాకు తెలియనిది ఎవరో నిజాయితీగా తెలుసుకుని ఉంటారన్న ఒక్క ధైర్యంతో పెట్టాను. పరిశోధకుడా, నువ్వు రాసే ప్రతి అంకె కింద ఆ సంతకం ఉంది.