సేవల జాబితా ముందు పెట్టండి

ప్రభుత్వ వెబ్‌సైట్లలో చాలావాటికి అట్టడుగున, కాపీరైట్ వరుస పక్కన, చిన్న అక్షరాల్లో ‘సైట్‌మ్యాప్’ అనే లింకు ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కి చూసేవాళ్లు తక్కువ. నాకు మాత్రం అది రోజూ అవసరమే. పాత అల్వాల్‌లో నాది జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు. ఆదాయ సర్టిఫికెట్, కరెంటు మీటరుకు పేరు మార్పు, ఆస్తుల ఈసీ, పోటీ పరీక్షల ఫారాలు నా రోజువారీ పని. కంటోన్మెంట్ పక్కనే కాబట్టి బొల్లారం, లోతుకుంట నుంచి మాజీ సైనికులు ‘స్పర్శ్’ పోర్టల్‌లో పెన్షన్ పనుల మీద వస్తుంటారు. వచ్చినవాళ్లందరికీ తమకేం కావాలో బాగా తెలుసు. అది వెబ్‌సైట్‌లో ఏ మూలన ఉందో తెలియకనే నా దగ్గరికి వస్తారు. ఆ మూల వెతికిపెట్టినందుకు వాళ్లు నాకు డబ్బులివ్వాల్సి రావడం నాకు సమ్మతం కాదు.

ఈమధ్య ఒకామె వచ్చింది. “అక్కా, కాగితంల మా ఆయన పేరు తప్పు పడ్డది, గది సరిచెయ్యాలె” అంది. సంబంధిత శాఖ సైటు తెరిచాను. పైన మెనూలో ‘సర్వీసెస్’ మీద మౌస్ పెడితే ఒక వరుస దిగింది, అందులో ‘అదర్స్’ మీద పెడితే పక్కకు ఇంకో వరుస వచ్చింది. చెయ్యి కొంచెం జరిగితే రెండూ మూసుకుపోతున్నాయి. ఫోన్లో అయితే ఆ రెండో వరుస రానే రాదు. చివరికి అడుగున ఉన్న సైట్‌మ్యాప్ నొక్కాను. హోమ్, మా గురించి, మంత్రిగారి సందేశం, ఫొటో గ్యాలరీ, సంప్రదించండి: అంతే. జనం ఏ పని కోసం ఆ సైటుకు వస్తారో ఆ పని ఒక్కటీ ఆ జాబితాలో లేదు. పక్కవీధి పిల్లల ఉద్యోగ దరఖాస్తులకు పీడీఎఫ్ ఫైళ్లు కుదించడానికి నేను వాడే ఐలవ్‌పీడీఎఫ్ లాంటి సైట్లు చూడండి. అక్కడి పనిముట్లన్నీ మొదటి పేజీలోనే గళ్లుగళ్లుగా కనిపిస్తాయి. ఒక ప్రైవేటు కంపెనీకి తెలిసిన ఈ మర్యాద మనం పన్ను కట్టి నడిపించుకునే సైట్లకు ఎందుకు ఉండకూడదు?

నియమం లేక కాదు. భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లోనే వచ్చాయి. తాజాగా మార్చిన సైట్‌మ్యాప్ ఉండాలని, మొదటి పేజీ నుంచి, ముఖ్యమైన ఇతర పేజీల నుంచి దానికి లింకు ఇవ్వాలని అవి చెప్పాయి. 2023లో మూడో కూర్పు కూడా వచ్చింది. ప్రపంచ స్థాయిలో వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ 2008లో ఇచ్చిన సూచనల్లోనూ ఒక పేజీని చేరడానికి ఒకటికి మించిన దారి ఉండాలన్న నియమం ఉంది, ఆ దారుల్లో సైట్‌మ్యాప్ ఒకటి.

ఆ నియమం ఎవరి కోసం పుట్టిందో నాకు చూపు లేని ఒక డిగ్రీ విద్యార్థి చూపించాడు. షాపు కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ వేయించుకున్నాడు. అది తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్. ‘హెచ్’ కీ నొక్కితే శీర్షిక నుంచి శీర్షికకు, ‘కె’ నొక్కితే లింకు నుంచి లింకుకు దూకుతుంది. మౌస్ పెడితే దిగే మెనూలు అతనికి చాలాచోట్ల అసలు లేనట్టే. “అక్కా, మంచి సైట్‌మ్యాప్ ఉంటే నాకు ఎవరి సాయం అక్కర్లేదు” అన్నాడు. ఒక సైటులో అతను ‘హెచ్’ నొక్కుతూ నేరుగా స్కాలర్‌షిప్పుల శీర్షిక దగ్గర ఆగి, ‘కె’తో రెన్యువల్ లింకు పట్టుకొని, నేను కుర్చీ లాక్కొని కూర్చునేలోపే పేజీ తెరిచాడు.

మనుషులకు ఒక జాబితా కావాల్సినట్టే గూగుల్‌కూ ఒకటి కావాలి. వెతుకుడు యంత్రం లింకులు పట్టుకొని పేజీ నుంచి పేజీకి వెళ్తుంది. మెనూ తెరిచే బటన్లను మనలా నొక్కుతూ కూర్చోదు, లాగిన్ దాటి లోపలికి రాదు. ఏ లింకూ లేని పేజీ దాని కంట పడే అవకాశం తక్కువ. అందుకే 2005 జూన్‌లో గూగుల్ ఎక్స్‌ఎంఎల్ సైట్‌మ్యాప్ పద్ధతి తెచ్చింది. మరుసటి ఏడాది నవంబరులో యాహూ, మైక్రోసాఫ్ట్ కూడా దాన్నే ఒప్పుకున్నాయి. సైటులోని పేజీల చిరునామాలను, ఒక్కొక్కటి చివరిసారి ఎప్పుడు మారిందో ఆ తేదీతో సహా, ఒక ఫైల్లో రాసి పెట్టడమే ఆ పద్ధతి. ఒక్కో ఫైల్లో 50,000 చిరునామాల వరకు పడతాయి. జాబితాలో పెట్టినంత మాత్రాన ప్రతి పేజీనీ గూగుల్ చూపిస్తుందని హామీ లేదు. పెట్టకపోతే మాత్రం కొత్త పేజీ సంగతి దానికి ఎప్పటికి తెలుస్తుందో చెప్పలేం. తేదీలు నిజాయితీగా ఉండాలి. ఏమీ మారకుండానే రోజూ కొత్త తేదీ వేసే సైటు తేదీలను గూగుల్ నమ్మడం మానేస్తుంది.

అసలు పేజీ దొరకనిచోట ఏం దొరుకుతుందన్నదే నా భయం. పాస్‌పోర్టు విషయంలో ఫీజులు గుంజే నకిలీ సైట్లు ఎన్ని పుట్టాయంటే, విదేశాంగ శాఖ వాటి పేర్లు ప్రకటించి హెచ్చరించాల్సి వచ్చింది.

మన తెలంగాణకు సరైన సైట్‌మ్యాప్ మరింత అవసరమని 2024లో తేలింది. ఆ ఏడు రాష్ట్రం పేరుకు పొట్టిగా వాడే ‘టీఎస్’ కాస్తా ‘టీజీ’ అయింది. ఉద్యోగ పరీక్షలు పెట్టే టీఎస్‌పీఎస్‌సీ టీజీపీఎస్‌సీగా, కరెంటు సంస్థ టీఎస్ఎస్‌పీడీసీఎల్ టీజీఎస్‌పీడీసీఎల్‌గా మారాయి. పేర్లతోపాటు వెబ్ చిరునామాలూ మారాయి. పాత చిరునామాలేమో జనం డైరీల్లో, కోచింగ్ సెంటర్ల కరపత్రాల్లో, ఫోన్ బుక్‌మార్కుల్లో అలాగే ఉన్నాయి. అల్వాల్‌కు ఇలాంటి మార్పులు పాత సంగతే. 2007లో మా మున్సిపాలిటీ జీహెచ్‌ఎంసీలో కలిసింది, అప్పటి కాగితాలు పట్టుకొని ఇప్పటికీ వచ్చేవాళ్లున్నారు. ఆఫీసు మారితే తలుపు మీద నోటీసు అంటిస్తారు. వెబ్‌సైట్ మారినప్పుడూ ప్రతి పాత చిరునామా దానికి సరిపోయే కొత్త పేజీకే తీసుకెళ్లాలి, కొత్త సైట్‌మ్యాప్ అదే రోజు సిద్ధం కావాలి. పాత లింకులన్నిటినీ గంపగుత్తగా మొదటి పేజీకి మళ్లిస్తే వెతుకులాట మళ్లీ మొదటికొస్తుంది.

భూముల రికార్డుల పోర్టల్ ధరణి సంగతి తలుచుకోకుండా ఈ విషయం పూర్తి కాదు. 2020 అక్టోబర్ 29న మా మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే, మూడుచింతలపల్లిలో అది మొదలైంది. అందులోని మాడ్యూళ్లు, అంటే దరఖాస్తు విభాగాలు, 33కు చేరాయి. పాసుపుస్తకంలో తప్పులు సరిచేసుకోవాలంటే టీఎం 33, నిషేధిత జాబితాలో పడ్డ భూమికైతే టీఎం 15 తెరవాల్సి వచ్చేది. ఇంగ్లిష్ చదవని రైతులు సైతం ఈ నంబర్లను నోటికి నేర్చుకున్నారు. దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న వచ్చిన భూభారతిలో మాడ్యూళ్లను ఆరుకు తగ్గించారు. నేను దీన్ని మంచి పనిగానే చూస్తాను. అయితే తలుపులు తగ్గినా లోపలి పనులు తగ్గవు. వారసత్వం, విస్తీర్ణంలో తేడా, తప్పిపోయిన సర్వే నంబరు, పేరులో తప్పు: ఏది ఏ తలుపు వెనక ఉందో చెప్పే ఒక్క పేజీ అప్పుడూ అవసరమే, ఇప్పుడూ అవసరమే.

వెతుకుడు పెట్టె ఉందిగా, వాట్సాప్ ఉందిగా అనేవాళ్లున్నారు. పెట్టెలో ఏ మాట కొట్టాలో తెలిసినవాళ్లకే పెట్టె పనికొస్తుంది. వాట్సాప్ మాటకొస్తే, ఆంధ్రప్రదేశ్ 2025 జనవరి 30న 161 సేవలతో ‘మన మిత్ర’ను ప్రారంభించింది. అక్కడా ముందు విభాగాల జాబితా వస్తుంది, అందులోంచి సేవను ఎంచుకోవాలి. ఫోన్ తెర చిన్నదైనకొద్దీ జాబితాను అమర్చే పని మరింత శ్రద్ధగా చేయాల్సి ఉంటుంది.

కాబట్టి కొత్త వెబ్‌సైట్‌కు టెండర్ పిలిచే ప్రతి శాఖా ఒక షరతు రాసుకోవాలి: ప్రతి సేవకు లాగిన్ అడగని ఒక పేజీ, అందులో అర్హత, కావాల్సిన పత్రాలు, ఫీజు, గడువు తెలుగులో. ఆ పేజీలన్నిటి పేర్లు మొదటి పేజీ నుంచి ఒక్క నొక్కుతో తెరుచుకునే జాబితాలో ఉండాలి, గూగుల్‌కు ఇచ్చే ఫైల్లోనూ ఉండాలి. రెండింట్లో ఒక్క సేవ తగ్గినా బిల్లు ఆపాలి. ఆ తనిఖీ కూడా ఆఫీసులో కూర్చున్న ఇంజినీరు ఒక్కడే చేస్తే చాలదు. మీసేవ కేంద్రాలు నడిపేవాళ్లను, చూపు లేనివాళ్లను, మామూలు ఫోన్ వాడే ఒక రైతును పిలిచి వాళ్ల చేత వెతికించాలి. జాబితా తయారుచేయడానికి కొత్తగా కన్సల్టెంటు అక్కర్లేదు. ఏ సేవ ఎన్ని రోజుల్లో ఇస్తారో చెప్పే సిటిజన్ చార్టర్ మీసేవ సేవలకు ఉండనే ఉంది. ఆ కాగితంలోని ఒక్కో వరుసకు ఒక్కో లింకు తగిలించడంతో మొదలుపెట్టవచ్చు.