జావా పాఠం మార్కెట్ యార్డులో మొదలవ్వాలి

మహబూబాబాద్‌లో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కిన డిగ్రీ కుర్రాడు జనగామ దాటి సికింద్రాబాద్‌లో దిగుతాడు. రైలు లేని భూపాలపల్లి నుంచైతే ఆర్టీసీ బస్సే దిక్కు. ఎటు నుంచి వచ్చినా చేరేది అమీర్‌పేటకే. హాస్టల్లో ఒక మంచం, వీధి పొడవునా కోర్సుల బోర్డులు: కోర్ జావా, అడ్వాన్స్‌డ్ జావా, స్ప్రింగ్ బూట్, మైక్రోసర్వీసెస్. అమీర్‌పేటను నేను తక్కువ చేయను. తెలుగు మీడియం పిల్లలకు అర్థమయ్యే మాటల్లో జావా చెప్పిన చోటు అది. కానీ కోర్సు ముగిసేసరికి చేతిలో మిగిలేది చాలాసార్లు ఇంటర్వ్యూ ప్రశ్నల కట్టే. ఇన్ని టాపిక్‌లు విన్నవాళ్లలో ఒక్క అప్లికేషన్నయినా మొదటి నుంచి చివరిదాకా సొంతంగా కట్టినవాళ్లు తక్కువ. అసలు లోటు అక్కడుంది.

బ్యాంకులు, బీమా కంపెనీలు వాడే పెద్ద సాఫ్ట్‌వేర్‌ను అంచెలుగా కడతారు. తహసీల్దార్ ఆఫీసు మెట్లెక్కినవారికి ఇది కొత్త విషయమేమీ కాదు. దరఖాస్తు తీసుకునే గుమస్తా పహాణీ దిద్దడు. నిబంధనలు చూసి నిర్ణయించేది తహసీల్దార్. కాగితం భద్రంగా ఉండేది రికార్డు రూములో. జావా అప్లికేషన్లోనూ తెర ఒక అంచె, పని నియమాలు ఒక అంచె, డేటాబేస్ ఒక అంచె. కాలేజీ ప్రాజెక్టుల్లో జేఎస్పీ పేజీలోనే ఎస్‌క్యూఎల్ రాసి పారేస్తారు. అది నడుస్తుంది, మార్కులూ పడతాయి. రేపు అదే పనికి మొబైల్ యాప్ కావాలంటే మాత్రం మొత్తం తిరగరాయాల్సిందే.

ఆ ప్రాజెక్టు కూడా ఏళ్ల తరబడి ఒకటే, లైబ్రరీ మేనేజ్‌మెంట్. దాన్ని పక్కనపెట్టి పిల్లల్ని కేసముద్రం మార్కెట్ యార్డుకు తీసుకెళ్లండి. ఆన్‌లైన్ జాతీయ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్ 2016 ఏప్రిల్‌లో మొదలయ్యాక సరుకు వేలం కంప్యూటర్ మీదికి రావడం రైతు బిడ్డలకు తెలిసిన సంగతే. మక్కలు తెచ్చిన రైతు గేటు దగ్గర నమోదు చేయించుకుంటాడు. కుప్పకు లాట్ నంబర్ పడుతుంది. ఖరీదుదారులు ధర వేస్తారు. కాంటా అయ్యాక తక్‌పట్టీ అనే లెక్క చీటీ వస్తుంది, ఆపైన డబ్బు. ఇలాంటి వ్యవస్థను చిన్నగానైనా పిల్లల చేత కట్టిస్తే వ్యాపార జావా అంతా అందులోనే ఎదురవుతుంది.

ఒకే కుప్పకు ఇద్దరు ఖరీదుదారులు ఆఖరి క్షణంలో ఒకేసారి ధర వేశారనుకుందాం. ఒకరు రాసినదాన్ని ఇంకొకరిది చెరిపేయకుండా డేటాబేస్ వరుసకు వెర్షన్ నంబర్ ఎందుకు పెట్టాలో అప్పుడు తెలుస్తుంది. ఇంకొకటి చూడండి. తూకం నమోదైంది, తక్‌పట్టీ తయారయ్యేలోపు ప్రోగ్రాంలో తప్పు దొర్లింది. రెండూ జరగాలి, లేదా రెండూ జరగకూడదు. దీన్నే ట్రాన్సాక్షన్ అంటారు. స్ప్రింగ్‌లో ‘ట్రాన్సాక్షనల్’ అన్న ఒక్క అనొటేషన్ పెడితే సరిపోతుందని పిల్లలు బట్టీ పడతారు. కానీ చెక్డ్ ఎక్సెప్షన్ వస్తే, మనం విడిగా చెప్పకపోతే, స్ప్రింగ్ ఆ ట్రాన్సాక్షన్‌ను వెనక్కి తిప్పదు. తూకం రికార్డులో ఉంటుంది, తక్‌పట్టీ ఉండదు. రైతు సరుకు పోయింది, చేతిలో కాగితం లేదు. తన తండ్రికే అలా జరిగితే ఏమవుతుందో ఊహించుకున్న విద్యార్థి ఆ నియమాన్ని జన్మలో మర్చిపోడు.

పేర్ల వెంట పరుగెత్తే శిక్షణకు ఇంకో ప్రమాదముంది. 1999లో జే2ఈఈగా వచ్చిన వ్యాపార జావా వేదిక తర్వాత జావా ఈఈ అయింది, 2018లో జకార్తా ఈఈ అయింది. పాత పుస్తకంలోని సర్వ్‌లెట్‌ను టామ్‌క్యాట్ 10లో పెడితే నడవదు. సర్వ్‌లెట్ ప్యాకేజీ పేర్లలో ‘జావాఎక్స్’ అని ఉన్నచోట ‘జకార్తా’ అని రాయాలి. కోర్సుగా మాత్రమే నేర్చుకున్న పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు. అంచెలు ఎందుకున్నాయో తెలిసినవాడు ఎర్రర్ చదువుకుని పావుగంటలో సరిచేసుకుంటాడు.

మంచి శిక్షణ ఎలా ఉంటుందో భూపాలపల్లికి వేరే ఊరు చెప్పాల్సిన పని లేదు. సింగరేణి గనిలో దిగేవారికి 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమాల ప్రకారం వృత్తి శిక్షణ కేంద్రం (వీటీసీ)లో శిక్షణ తప్పనిసరి. పీడీఎఫ్ చదివించి ఎవరినీ గనిలోకి పంపరు. అనుభవమున్నవారు పక్కనుండి చేతితో చేయించి నేర్పుతారు. కోడ్ కూడా అలాగే నేర్పాలి. విద్యార్థి రాసినదాన్ని పని తెలిసిన ఇంజనీరు వరుస వరుసగా చదివి, ఇది ఎందుకిలా రాశావని అడగాలి. మా దగ్గర అలాంటివారు ఎక్కడున్నారనే సాకు ఇప్పుడు చెల్లదు. వరంగల్ పక్కన మడికొండ ఐటీ పార్కులో 2020 జనవరిలోనే టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు తెరిచాయి. నెలకు రెండు శనివారాలు కొందరు ఇంజనీర్లను మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి జిల్లాల కాలేజీలకు పంపడం భారమేమీ కాదు. ఆ కంపెనీలనూ కాలేజీలనూ ఒక చోట కూర్చోబెట్టే పని రాష్ట్ర నైపుణ్య శిక్షణ సంస్థ టాస్క్ చేయాలి. సర్టిఫికెట్ల సంఖ్య చూసి మురిసిపోవడం మాని, ఎంతమంది మొత్తం అప్లికేషన్ కట్టి సర్వర్ మీద నడిపి చూపించారో లెక్క తీయాలి.

మహబూబాబాద్‌లో జేఎన్టీయూ ఇంజనీరింగ్ కాలేజీ 2023లో మొదలైంది. అందులో చేరిన తొలి బ్యాచ్ నాలుగేళ్ల చదువు 2027లో పూర్తవుతుంది. వాళ్లూ అమీర్‌పేట రైలే ఎక్కాలా? ఆ కాలేజీ అధ్యాపకులకు నా మనవి ఒక్కటే: ఈ సెమిస్టర్‌లోనే పిల్లల్ని వెంటబెట్టుకుని కేసముద్రం యార్డుకు వెళ్లండి.