ప్రతిభకు తలుపు తెరిచేదెవరు?

జనగామ, మానుకోట, భూపాలపల్లి బిడ్డలకు దశాబ్దాలుగా ఉన్నత విద్య అంటే కాకతీయ విశ్వవిద్యాలయమే. దాని పరిధిలోని వరంగల్ కిట్స్‌లో 1986లో బీటెక్ పూర్తి చేసిన వి.రాంగోపాల్‌రావు పేరొందిన మైక్రోఎలక్ట్రానిక్స్ ఆచార్యులయ్యారు. పాలమూరు కొల్లాపూర్‌లో పుట్టిన ఆయన ఐఐటీ బొంబాయిలో ఎంటెక్, జర్మనీలోని మ్యూనిక్‌లో పీహెచ్‌డీ చేశారు. 2005లో భట్నాగర్ పురస్కారం అందుకున్నారు. 2016లో ఐఐటీ ఢిల్లీ డైరెక్టర్ అయ్యారు. జిల్లా కేంద్రంలోని కళాశాల నుంచి ఇంత ఎత్తుకు ఎదగడం మనందరికీ గర్వకారణమే.

ఆయన అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 2020లో కేంద్రానికి ఇచ్చిన నివేదిక మాత్రం వేరే ప్రశ్న లేవనెత్తింది. ఐఐటీల్లో రిజర్వేషన్లను సమర్థంగా అమలు చేసే మార్గాలు చెప్పమని ప్రభుత్వం అడిగింది. అధ్యాపక నియామకాల్లో రిజర్వేషన్ల నుంచే ఐఐటీలను మినహాయించమని కమిటీ సిఫారసు చేసింది! అది కుదరకపోతే అసిస్టెంట్ ప్రొఫెసర్ స్థాయికే పరిమితం చేయమన్నది. కేంద్ర విద్యాసంస్థల అధ్యాపక పోస్టుల్లో రిజర్వేషన్లకు పార్లమెంటు చేసిన 2019 నాటి చట్టం కొన్ని సంస్థలను మినహాయించింది. ఆ జాబితాలో ఐఐటీలు లేవు. చట్టసభ ఇవ్వని మినహాయింపును నిపుణులు కోరారన్న మాట.

రిజర్వుడు వర్గాల నుంచి పీహెచ్‌డీ అభ్యర్థులు తగినంతమంది లేరన్నది ప్రధాన వాదన. కానీ దేశంలో అత్యున్నత సాంకేతిక పీహెచ్‌డీలను తయారు చేసేదే ఐఐటీలు కదా! మైక్రోఎలక్ట్రానిక్స్ ఇంటి పెరట్లో నేర్చుకునే విద్య కాదు. ధూళి కణం కూడా చొరబడని క్లీన్‌రూమ్, కోట్ల రూపాయల యంత్రాలు, చేయి పట్టి నేర్పే గురువు కావాలి. వీటికయ్యే ఖర్చులో సింహభాగం ప్రజాధనమే. ప్రయోగశాల గడప దాటనిస్తేనే ప్రతిభ బయటపడుతుంది. బయటే నిలబెట్టి, లోపల ఎందుకు కనబడరని అడగడం ఏం న్యాయం?

ఐఐటీ ప్రవేశాల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లు 1973 నుంచే ఉన్నాయి. అర్ధశతాబ్ది గడిచాక కూడా అధ్యాపకులు దొరకడం లేదంటే జవాబు చెప్పాల్సింది ఆ వర్గాలు కాదు, ఆ సంస్థలే.

అధ్యాపకులు కాగోరే రిజర్వుడు వర్గాల వారికి రెండేళ్ల పరిశోధక సహాయక అవకాశం కల్పించాలని అదే నివేదిక సూచించింది. మంచి సూచనే. అయితే అది రిజర్వేషన్‌కు తోడు కావాలి గాని ప్రత్యామ్నాయం కారాదు. పీహెచ్‌డీ ప్రవేశాలు, అధ్యాపక నియామకాలలో దరఖాస్తులు ఎన్ని, ఎంపికలు ఎన్ని అన్న లెక్కలను ప్రతి ఐఐటీ ఏటా విభాగాలవారీగా, వర్గాలవారీగా ప్రకటించాలి. ఖాళీలను మురగబెట్టి, ఆపై జనరల్‌కు మళ్లించే వెసులుబాటు ఉండరాదు.

కిట్స్ విద్యార్థికి తెరుచుకున్న తలుపు మానుకోట తండా బిడ్డకూ, భూపాలపల్లి కోయగూడెం బిడ్డకూ తెరుచుకోవాలి. లోపలికి వెళ్లినవారు ఆ తలుపుకు గడియ పెట్టడం విజ్ఞానం అనిపించుకోదు.