అప్పుకు భయపడ్డ సుల్తాన్

1970 జులై 23న సలాలా రాజప్రాసాదంలో జరిగినదాన్ని చాలామంది తండ్రీకొడుకుల తగవుగానే చెబుతారు. ఒమన్‌ను 38 ఏళ్లు ఏలిన సయీద్ బిన్ తైమూర్‌ను కొడుకు కాబూస్ గద్దె దించాడు. పెనుగులాటలో సొంత తుపాకీ పేలి కాలికి గాయమైన సుల్తాన్, రాజ్యం వదులుకుంటున్నట్టు సంతకం చేసి విమానమెక్కాడు. ఆ విమానం బ్రిటిష్ వైమానిక దళానిది. కథంతా అక్కడే ఉంది.

సయీద్ చదివింది అజ్మీర్‌లోని మేయో కాలేజీలో, మన సంస్థానాధీశుల బిడ్డల మధ్య. 1932లో తండ్రి గద్దె వదిలేనాటికి అతనికి 21 ఏళ్లు. చేతికొచ్చింది ఖాళీ ఖజానా, మోయలేని అప్పులు. బాకీపడ్డ రాజు మాటకు బ్రిటిష్ వాళ్ల దగ్గర విలువుండదని తండ్రిని చూసే తెలుసుకున్నాడు. ఖర్చులు బిగించి, అప్పులు తీర్చాడు. అతణ్ని వట్టి పిసినారి అనేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

కానీ యుద్ధాలు పొదుపుతో గెలవలేం. 1950లలో లోపలి ఒమన్‌లో మతనాయకుడు ఇమామ్ గాలిబ్ వర్గం తిరగబడితే బ్రిటిష్ విమానాలు బాంబులు కురిపించాయి. 1959 జనవరిలో బ్రిటన్ ఎస్ఏఎస్ ప్రత్యేక దళం జెబెల్ అఖ్దర్ పర్వతం ఎక్కాకే తిరుగుబాటు అణగింది. 1958 ఒప్పందం ప్రకారం బ్రిటన్ సుల్తాన్ సైన్యానికి సాయం చేసింది. సలాలా, మసీరా వైమానిక స్థావరాలను వాడుకుంది. సైన్యాన్ని నడిపిందీ బ్రిటిష్ అధికారులే. 1958లోనే సుల్తాన్ తన ఏలుబడిలోని గ్వాదర్ రేవును 30 లక్షల పౌండ్లకు పాకిస్తాన్‌కు అప్పగించాడు. ఒమన్‌లో బ్రిటన్ పెత్తనం వలస పాలనేనని 1965లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తేల్చినా, సుల్తాన్ స్వతంత్రుడేనని లండన్ వాదించింది. ఆ స్వాతంత్ర్యం దేనికి పనికొచ్చిందంటే, ప్రజల గోడు గురించి ఎవరడిగినా 'అది సుల్తాన్ వ్యవహారం' అని తప్పుకోవడానికి.

1958 తర్వాత అతను సలాలాలోనే ఉండిపోయి, రాజధాని మస్కట్ మొహం చూడలేదు. రాత్రి నగర ద్వారాలు మూసేసేవారు. ఆ తర్వాత వీధిలో తిరగాలంటే చేతిలో లాంతరు ఉండాల్సిందే. 1970 నాటికి దేశమంతటా బడులు మూడు, తారు రోడ్డు సుమారు 10 కిలోమీటర్లు. బతుకుతెరువుకు వెళ్లిన మనవాళ్లు ఇవాళ చూసే మస్కట్ ఆ తర్వాత కట్టినదే.

1967లో చమురు ఎగుమతి మొదలైంది. అప్పటిదాకా పొదుపుకు అర్థముంది. ఆ తర్వాత లేదు. మరుసటి ఏడాది ఖజానా చరిత్రను వివరిస్తూ ఒక ప్రకటన వెలువరించాడే గానీ, పనులు నత్తనడకన సాగాయి. సలాలా ఉన్న ధోఫార్ ప్రాంతంలో 1965 నుంచే తిరుగుబాటు రగులుతోంది. 1966లో సొంత సైనికులే అతనిపై కాల్పులు జరిపారు. 1967 నవంబరులో బ్రిటన్ ఏడెన్ వదిలివెళ్లాక పక్కనే వామపక్ష రాజ్యం వెలిసి ఆ తిరుగుబాటుకు అండ అయింది. చమురు, స్థావరాలు రెండూ చేజారుతాయని లండన్‌కు భయం పట్టుకుంది. శాండ్‌హర్స్ట్‌లో శిక్షణ పొందిన కాబూస్ 1964 నుంచి సలాలాలోనే ఒకరకంగా నిర్బంధంలో ఉన్నాడు. వారసుడు సిద్ధం, బ్రిటిష్ అధికారులకు ముందే తెలిసిన కుట్ర గంటల్లో ముగిసింది.

సయీద్ చివరి రోజులు లండన్ డార్చెస్టర్ హోటల్లో గడిచాయి. 1972 అక్టోబరులో అక్కడే చనిపోయాడు. అతను దిగిపోయినా, ఒమన్ సైన్యానికి నాయకత్వం 1980ల దాకా బ్రిటిష్ అధికారుల చేతుల్లోనే ఉంది.