క్రిస్మసు కథ: మూలము చూచిన వారెందరు?

ఏటేట డిసెంబరు మాసము వచ్చుసరికి మన తెలుగు కుటుంబములలో రెండు విధములైన మాటలు వినబడుచున్నవి. ఒకటి భక్తుల మాట. ముగ్గురు రాజులు, గాడిదపై మరియమ్మ, తలుపు మూసిన సత్రపు యజమాని, మంచు కురియు రాత్రి, ఇవన్నియు బైబిలులో నున్నవే యని వారి నమ్మకము. రెండవది విమర్శకుల మాట. క్రిస్మసంతయు రోమనుల పండుగను దొంగిలించి తెచ్చినదే, అందు క్రీస్తుకు సంబంధించిన దేమియు లేదని వారి వాదము. మొదటి మాట బడిపిల్లల నాటకములందును శుభాకాంక్షల కార్డులపైనను కనబడును. రెండవ మాట నేడు సెల్‌ఫోనులలో ఇల్లిల్లు తిరుగుచున్నది. ఉభయ పక్షములవారును ఒకరినొకరు నిందించుకొనుచున్నారే గాని, పుస్తకము తెరచి చూచినవారు మాత్రము అరుదు.

మేము ఉద్యోగకాలమంతయు కచేరీ దస్త్రముల నడుమ గడపినవారము. నకలును మూలముతో సరిచూడనిదే సంతకమునకు పంపరాదన్నది అచట నేర్చిన మొదటి పాఠము. ఈ విషయమునకును అదే పాఠము చాలునని మా అభిప్రాయము.

మూలమేది? సువార్తలు నాలుగు. అందు మార్కు, యోహాను క్రీస్తు జన్మవృత్తాంతమును చెప్పనేలేదు. చెప్పినవారు మత్తయి, లూకా అను ఇరువురే. ఆ ఇరువురును వేర్వేరు సంగతులు చెప్పిరి. నక్షత్రము, జ్ఞానులు, హేరోదు క్రౌర్యము, ఐగుప్తునకు ప్రయాణము మత్తయిలో నున్నవి. ప్రజాసంఖ్య, పశువుల తొట్టి, గొఱ్ఱెల కాపరులు, దేవదూతల స్తోత్రము లూకాలో నున్నవి. కాపరులు నక్షత్రమును చూచినట్లు గాని, జ్ఞానులు తొట్టి యొద్ద మోకరించినట్లు గాని ఎచటను లేదు. రెండు కథలను ఒక్క బొమ్మలకొలువులో చేర్చి, అదియే గ్రంథమని చెప్పుట మన పని గాని సువార్తికుల పని కాదు.

ముగ్గురు రాజుల సంగతి చూతము. మత్తయి వారిని రాజులనలేదు, ముగ్గురనియు చెప్పలేదు. కానుకలు మూడు గనుక ఇచ్చినవారును ముగ్గురని తరువాతివారు ఊహించిరి. సిరియా క్రైస్తవుల సంప్రదాయములో వారు పండ్రెండుగురు. రాజులన్న మాట 72వ కీర్తన, యెషయా 60వ అధ్యాయము వంటి పూర్వగ్రంథ భాగములను ఈ కథకు అన్వయించుట వలన వచ్చినది. గాస్పరు, మెల్కియోరు, బల్తజారు అను పేర్లు అనేక శతాబ్దముల తరువాత పుట్టినవి. జ్ఞానులు వచ్చినది ఇంటిలోనికని మత్తయి స్పష్టముగా వ్రాసెను. హేరోదు రెండేండ్లలోపు బిడ్డలను చంపించెను గనుక, వారు జన్మించిన రాత్రియే వచ్చిరనుటకు ఆధారము లేదు.

ఇచట మనవారు గమనింపవలసిన దొకటి కలదు. మన తెలుగు బైబిలు అనువాదకులు వారిని జ్ఞానులనియే వ్రాసిరి. తెలుగు గ్రంథమును చదివిన ఇంటిలో ముగ్గురు రాజులు పుట్టరు. వారు ఇంగ్లీషు పాటల వెంట మన యింటికి వచ్చినవారు.

ఇక సత్రము. సత్రములో స్థలము లేకపోయెనని లూకా వ్రాసెను గాని, తలుపు మూసిన యజమానిని గూర్చి ఒక్క మాటయు వ్రాయలేదు. పైగా ఆ తావున లూకా వాడిన గ్రీకు పదమే, క్రీస్తు తన శిష్యులతో కడపటి భోజనము చేసిన గదికిని వాడబడినది. అచట మన అనువాదకులు విడిది గది యని వ్రాసిరి. మంచి సమరయుని కథలో డబ్బు తీసికొని బాటసారులకు బస యిచ్చు ఇల్లు చెప్పవలసి వచ్చినప్పుడు లూకా వేరొక పదమును వాడెను. అచట తెలుగులో పూటకూళ్లవాని యిల్లు అని కలదు. కావున బంధువుల యింట విడిది గది నిండియుండుటచే, పశువులను కట్టు తావున బిడ్డను పరుండబెట్టిరని పలువురు పండితుల అభిప్రాయము. 2వ శతాబ్దపు జస్టిను దానిని గుహయని చెప్పెను. ఏది యెట్లున్నను, దయలేని సత్రపు యజమాని మాత్రము నాటకకర్తల సృష్టి. రెండువేల యేండ్లుగా లేని మనుష్యుని నిందించుట న్యాయమా?

మరియమ్మ ఎక్కిన గాడిద సువార్తలలో లేదు. తొట్టి ప్రక్కన నిలిచిన ఎద్దు, గాడిద యెషయా మొదటి అధ్యాయపు మాట నుండి వచ్చి చేరినవి. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అస్సిసి ఫ్రాన్సిసు ఎద్దును గాడిదను తెచ్చి ఆ దృశ్యమును జనులకు చూపిన పిమ్మట ఈ ఆచారము మిక్కిలి వ్యాపించెను. ఆ మహనీయుడు చేసినది బోధకొరకు. బోధకొరకు పెట్టిన బొమ్మను ప్రమాణపత్రముగా చూపుట మన తప్పు.

భక్తుల పొరపాట్లు ఇట్టివి కాగా, విమర్శకుల పొరపాట్లును తక్కువ కావు. డిసెంబరు 25 బైబిలులో లేదన్న మాట నిజము. మాసమును గాని తేదీని గాని సువార్తికులు చెప్పలేదు. అంతటితో ఆగిన మేలు. కాని వారు ఆగరు. సాటర్నాలియా పండుగనే క్రైస్తవులు తీసికొనిరందురు. ఆ పండుగ డిసెంబరు 17న మొదలై 23తో ముగియునది. అజేయ సూర్యుని పండుగను తీసికొనిరని మరికొందరందురు. ఆరేలియను చక్రవర్తి 274లో ఆ దేవునికి గుడి కట్టించిన మాట వాస్తవమే. కాని డిసెంబరు 25న సూర్యుని జన్మదినమన్న వ్రాత మనకు దొరకునది 354 నాటి ఒక రోమను పంచాంగములో. అదే సంపుటములో, 336 నాటిదని పండితులు తలచు వేరొక పట్టికలో, అదే దినమున క్రీస్తు జన్మించెనన్న వ్రాతయు నున్నది. రెండింటికిని సాక్షి యొక్కడే యైనప్పుడు ఒకరిని దొంగయని తీర్పు చెప్పుటెట్లు? క్రీస్తు గర్భమున పడిన దినము, సిలువపై మరణించిన దినము మార్చి 25 యన్న నమ్మకము ప్రాచీన క్రైస్తవులలో నుండెను. అగస్టీను దానిని వ్రాసెను. అందుండి తొమ్మిది మాసములు లెక్కించిన డిసెంబరు 25 వచ్చును. ఈ లెక్కయే కారణమని మేము పట్టుబట్టుట లేదు. తేలని వ్యాజ్యెమును తేలినదిగా చాటరాదనియే మా మాట.

క్రైస్తవులందరు ఒకే దినమున పండుగ చేయుదురనుటయు అపోహయే. ఆర్మీనియా సంఘము జనవరి 6న చేయును. రష్యాలో జనవరి 7న చేయుట, పాత జూలియను పంచాంగమునకును నేటి పంచాంగమునకును పదుమూడు దినముల తేడా యుండుట వలన. సంవత్సరము మాట యందును ఇంతే. క్రీస్తుశకమును 525లో గణించిన డయోనీసియసు కొన్ని యేండ్లు తప్పెను. హేరోదు మరణము క్రీ.పూ. 4లో నని చరిత్రకారులలో పెక్కురి నిర్ణయము గనుక, క్రీస్తు అంతకు ముందే పుట్టియుండవలెను.

ఎక్స్‌మస్ అని వ్రాసిన క్రీస్తు పేరును కొట్టివేసినట్లని కోపించువారు కొందరు. ఆ అక్షరము ఇంగ్లీషుది కాదు. అది ఖి యను గ్రీకు అక్షరము, గ్రీకులో క్రీస్తు నామమునకు మొదటి అక్షరము. పూర్వపు లేఖకులు భక్తితోనే దానిని సంక్షేపముగా వాడిరి.

క్రిస్మసు తాతను కోకా-కోలా కంపెనీవారు పుట్టించిరని నేటి యువకుల నమ్మకము. 4వ శతాబ్దమున నేటి టర్కీలోని మైరాలో నికొలాసు అను బిషప్పు ఉండెను. ఆయన పండుగ డిసెంబరు 6న. డచ్చివారి నోట ఆ పేరు మారి అమెరికా చేరెను. 1863 మొదలు థామస్ నాస్ట్ అను చిత్రకారుడు అతని రూపమును గీయుచు వచ్చెను. కోకా-కోలా ప్రకటనలకు సండ్‌బ్లోము బొమ్మలు వేయుట 1931లో మొదలైనది. ఎర్రని కోటు అంతకు ముందే కలదు. అలంకరించిన చెట్టు జర్మనీ ప్రాంతపు ఆచారము. 1605లో స్ట్రాస్‌బర్గులో కాగితపు గులాబీలతో, ఆపిలు పండ్లతో చెట్లను అలంకరించినట్లు వ్రాత కలదు. విక్టోరియా రాణి కుటుంబము చెట్టుచుట్టు నిలిచిన బొమ్మ 1848లో ఒక లండను పత్రికలో పడిన తరువాతనే ఇంగ్లీషువారి యిండ్లలో అది ఎక్కువగా వ్యాపించెను.

ఇంత దూరము చెప్పుట పాండిత్య ప్రకటనకు కాదు. అసలు వివాదము మన గుమ్మము ముందే యున్నది. క్రిస్మసునాడు మామిడి తోరణము కట్టిన, వాకిట ముగ్గు పెట్టిన, అది అన్యాచారమని అభ్యంతరము చెప్పు పెద్దలు మన సంఘములలో కలరు. వారే హాలులో ప్లాస్టికు దేవదారు చెట్టును నిలిపి, దూదితో మంచు చేయించుచున్నారు. చెన్నపట్టణములోను బరంపురములోను యానాములోను దూదిమంచు ఏ సువార్త ప్రకారము కురియుచున్నది? మామిడాకు బేత్లెహేములో లేదందురా, దేవదారు మాత్రము లూకా యే వచనములో వ్రాసెను? జర్మనుల చెట్టు క్రీస్తు సన్నిధికి రాదగినదైన, మన తోరణమేల రాదగదు? పరదేశి యాచారమైనంత మాత్రమున పవిత్రము కాదు. మన యాచారమైనంత మాత్రమున అపవిత్రము కాదు. 1647లో ఇంగ్లండు పార్లమెంటు క్రిస్మసునే నిషేధించెను. అట్టి నిషేధము చేసినవారును క్రైస్తవులే, దానిని ధిక్కరించి పండుగ చేసినవారును క్రైస్తవులే. ఆచారములు వచ్చుచు పోవుచుండును. గ్రంథము నిలుచును.

కర్ణాటకములోనో మహారాష్ట్రములోనో పుట్టి పెరిగిన మన మనుమలలో పలువురకు తెలుగు అక్షరములు రావు. ఈ కథ వారికి ఇంగ్లీషు పాటల వలన, చలనచిత్రముల వలన వచ్చుచున్నది. జ్ఞానులు తెచ్చిన కానుకలలో ఒకదానికి తెలుగు బైబిలులో సాంబ్రాణి యని పేరు. మన యిండ్లలో ధూపము వేయు పదార్థపు పేరే అది. ఇంగ్లీషు పేరు వల్లించు బిడ్డకు ఆ వాసన తెలిసియు తెలియదు. రాగతాళములు గుర్తించి అచ్చువేసిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు అలమారులో నుండగా, పురుషోత్తమ చౌదరిగారి వంటివారి కీర్తనలను పాడువారు ఏటేట తగ్గుచున్నారు. 1818లో శ్రీరామపురమున తెలుగు కొత్త నిబంధన అచ్చుపడినది. రెండు వందల యేండ్లకు మించి మన భాషలో నున్న గ్రంథమును మూసిపెట్టి, కార్డుపై బొమ్మను చూచి కథ నేర్చుకొనుట మనకు తగునా?

కాన మా మనవి యొక్కటే. ఈ పండుగనాడు చెట్టు పెట్టుకొనువారు పెట్టుకొనుడు, తోరణము కట్టుకొనువారు కట్టుకొనుడు. కాని భోజనమునకు ముందు మత్తయి రెండవ అధ్యాయమును, లూకా రెండవ అధ్యాయమును తెలుగులో బిగ్గరగా చదివించుడు. అక్షరములు రాని బిడ్డకు తాతయో అమ్మమ్మయో చదివి వినిపింపవలెను. అర్ధగంటకు మించి పట్టదు. పొరుగింటి హైందవ సోదరులు ఈ కథను గూర్చి యడిగినప్పుడు ఉన్నదానిని ఉన్నట్లు, వచ్చి చేరినదానిని వచ్చి చేరినట్లు చెప్పగలుగుదుము. అట్లు చెప్పగలవానిని సెల్‌ఫోనులోని ఏ వాదమును కలవరపెట్టలేదు.