మీరూ మేమూ: ముప్ఫై మూడేళ్లకు నర్సింగా?

'కువైట్‌లో ఎనిమిదేళ్లుగా ఇంటి పని చేస్తున్నాను. మంచాన పడ్డ పెద్దావిడకు అన్నీ నేనే చూశాను. ఊరికొచ్చి నర్సు కోర్సు చదవాలనుంది. ఇంటర్‌ పాసయ్యాను. వయసు 33. మూడేళ్లు సంపాదన లేకపోతే పిల్లాడి చదువెలా అంటోంది అమ్మ. ఏం చేయను?'
- ఓ సోదరి, కువైట్‌

ముందు వయసు చూసుకోండమ్మా. జీఎన్‌ఎంలో చేరడానికి గరిష్ఠ వయసు 35. ఇంటర్లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు. 40 శాతం మార్కులుండాలి, ఇంగ్లిషు పాసవ్వాలి. కోర్సు మూడేళ్లు. రెండేళ్ల ఏఎన్‌ఎం కూడా ఉంది.

అక్కడ మీరు చేసిన సేవకు ఇక్కడ ఒక్క నెల కూడా తగ్గించరు. బాధగానే ఉంటుంది. కానీ రోగిని నొప్పి పుట్టకుండా పక్కకు తిప్పడం మీ చేతులకు ముందే వచ్చు. ఆర్నెల్ల సర్టిఫికెట్‌ కోర్సుల జోలికి పోకండి. వాటితో నర్సుగా రిజిస్ట్రేషన్‌ రాదు. కాలేజీకి రాష్ట్ర నర్సింగ్‌ కౌన్సిల్‌ గుర్తింపు ఉందని తేల్చుకున్నాకే ఫీజు కట్టండి.

అమ్మ భయంలోనూ న్యాయముంది. టికెట్‌ కొనేముందు మూడేళ్ల ఇంటి ఖర్చూ, బాబు ఫీజులూ కాగితం మీద లెక్క వేయండి. చాలకపోతే ఇంకో ఏడాది ఉండి కూడబెట్టండి. అంతకుమించి ఆగొద్దు. డబ్బు తర్వాతైనా సంపాదించుకోవచ్చు, 35 దాటితే సీటు రాదు.