పసిపిల్లలతో లంకాయాత్ర

వేసవి సెలవులు సమీపించగానే మన గృహములలో యాత్రల మాట పుట్టును. పూర్వమా మాట తాతగారి యూరితోనో, మేనమామ యింటితోనో ముగిసెడిది. ఇప్పుడు సముద్రమును దాటిపోవుటయు సామాన్యమైనది. చెన్నపట్టణమున విమానమెక్కినవారు సుమారు గంటన్నరలో కొలంబో నగరమున దిగుచున్నారు. అందుచేత మన తెలుగు కుటుంబములు కొన్ని చంటిబిడ్డలను సైతము వెంటబెట్టుకొని సింహళద్వీపమునకు, అనగా శ్రీలంకకు, పోవుచున్నవి. ఇట్టి యాత్రను గూర్చి మాకొక యభిప్రాయము కలదు. అది గ్రంథములు చదివి సంపాదించినది కాదు. మా తప్పువలన నేర్చుకొన్నది. కావున దానిని చదువరుల యెదుట నుంచుటకు సాహసించుచున్నాము.

మా యభిప్రాయమును ముందుగనే చెప్పెదము. ఉష్ణదేశమున పసివారితో చేయు ప్రయాణమునకు పెద్దల కోరికలు కొలబద్ద కాగూడదు. ఆ కుటుంబములో నెల్లరకంటె చిన్నబిడ్డ యెంతసేపు నడువగలడు, ఎప్పుడు నిద్రించును, ఏమి తినును అనునవియే కొలబద్ద కావలెను.

2023వ సంవత్సరము మే నెలలో మేమైదుగురము లంకకు పోయితిమి. పెద్దలము ముగ్గురము, పిల్లలిద్దరు. పెద్దపిల్లకు ఎనిమిదేండ్లు, చిన్నవానికి మూడేండ్లు. బయలుదేరుటకు పూర్వమే కొలంబో, సీగిరియా, పొలన్నరువ, కాండీ, నువర ఎలియ, ఎల్లా, గాలె అను ఏడు పేర్లను ఒక కాగితముపై వరుసగా వ్రాసి, ప్రక్కన ఏడు తేదీలను వేసితిమి. లంక వైశాల్యము సుమారు 65,600 చదరపు కిలోమీటర్లు. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములో సగము కూడ లేదు. ఇంత చిన్నదేశమును వారము దినములలో చుట్టిరాలేమా యని తలచితిమి. మాతో రానున్న మా తల్లిగారు మాత్రమా కాగితమును చూచి, "పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలుచుండి నీళ్లు త్రాగుట మేలు గదా నాయనా" అనిరి. మేము నవ్వి యూరకుంటిమి.

కొలంబోనుండి సీగిరియా సుమారు 170 కిలోమీటర్లు. కారులో నాలుగు గంటలకు పైగా పట్టెను. మఱునాటి యుదయమున కాశ్యపరాజు అయిదవ శతాబ్దమున కోట కట్టించిన యా మహాశిలను ఎక్కితిమి. దానికి ఇంచుమించు 1,200 మెట్లు కలవు. చిన్నవాడు నూఱు మెట్లెక్కి కూలబడెను. తక్కిన మెట్లన్నియు వానిని ఒకరి భుజమునుండి మఱియొకరి భుజమునకు మార్చుకొనుచు పైకి చేరితిమి. ఆ రాత్రి వాడు అన్నము ముట్టలేదు. అలసటయే కారణమని యనుకొని మూడవనాడు పొలన్నరువకు పయనమైతిమి.

అచ్చట శిథిలములను చేరునప్పటికి పదునొకండు గంటలు దాటినది. ఆలయస్థలములలో పాదరక్షలను, టోపీలను తీయవలెను. ఆ యాచారము న్యాయమైనదే. కాని మధ్యాహ్నపుటెండలో రాతినేలపై పసిపాదము నిలుచునా? పండ్రెండవ శతాబ్దమున పరాక్రమబాహు మహారాజు కాలమున గల్‌విహారమున చెక్కబడిన శయనబుద్ధ విగ్రహము సుమారు 14 మీటర్ల నిడివి గలది. దాని ముందు మేము మైమఱచి నిలుచుండగా, అంతవరకు ఏడ్చుచున్న చిన్నవాడు ఏడుపు మానెను. వాడు మాట వినుచున్నాడని సంతసించితిమి. అది మా యజ్ఞానము. బిడ్డ ఏడుపు మానినది నెమ్మదిచేత కాదు, నీరసముచేత.

బసకు వచ్చునప్పటికి వాని నాలుక యెండియున్నది. కన్నులు లోతుకు పోయినవి. ఉదయమునుండి మూత్రము పోయలేదు. ఆ బస నడుపు నిల్లాలు వానిని చూచినంతనే గ్రహించి, చొక్కా విప్పించి, ఫ్యాను క్రింద పరుండబెట్టి, తడిబట్టతో ఒడలు తుడుచుచు, లవణపు పొట్లమును నీట కలిపి చెంచాతో కొంచెము కొంచెముగా పోయసాగెను. వైద్యుడు వచ్చి చూచి, మఱియొక పూట యాలసించియుండినచో ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చెడిదని చెప్పెను. చీకటి పడిన వెనుక వాడు కన్ను తెఱచి "అమ్మా, నీళ్లు" అనెను. ఆ రెండు మాటలకంటె మధురమైన మాటలను మేమా దేశమున వినలేదు.

ఆ రాత్రియే మా కాగితమును చింపివేసితిమి. మిగిలిన మూడు దినములును పరాక్రమసముద్రమను నా పెద్ద చెఱువు దాపుననే గడపితిమి. ఉదయము ఆఱు గంటలకు బయటికి పోయి తొమ్మిదిన్నరకు తిరిగి వచ్చితిమి. మధ్యాహ్నమున నీడపట్టున పిల్లలు నిద్రించిరి. నాలుగున్నరకు మరల చెఱువుగట్టునకు పోయితిమి. అక్కడి కాలువలో ఒక నీటి యుడుము నివసించుచుండెను. అది మనిషి నిడివి గలది. పిల్లలు దానికి పేరు పెట్టి, ప్రతి సాయంకాలము దానికొఱకు వేచియుండిరి. నేటికిని మా చిన్నవానిని లంకలో ఏమి చూచితివని అడిగినచో, ఉడుమును చూచితిననును. సీగిరియా మాట వానికి తోచదు.

కాండీ నగరమును చూడవలెనని మాకు మిక్కిలి కోరిక యుండెను. 1739 మొదలు 1815 వఱకు ఆ రాజ్యమునేలిన నాయకరాజుల వంశము మధుర తెలుగు నాయకులతో సంబంధము గలది. అయినను మేము కాండీ చూడకయే తిరిగివచ్చితిమి. అందులకు చింతించుటలేదు. నగరము మఱియొక యేడును ఉండును.

ఈ యనుభవమునుండి మేము తేల్చుకొన్న సంగతులు కొన్ని కలవు. మొదటిది ఋతువు. మన పాఠశాలల సెలవులు ఏప్రిల్ చివరనుండి జూన్ రెండవ వారము వఱకు ఉండును. లంకలో నైరృతి ఋతుపవనములు మే నెల రెండవ సగమున ప్రవేశించి సెప్టెంబరు వఱకు వీచును. అప్పుడు గాలె మొదలగు నైరృతి తీరమున వానలు కురియును, సముద్రము పొంగియుండును. నడుమనున్న కొండలు ఆ మేఘముల నడ్డగించుటచేత తూర్పున ట్రింకోమలీ, పాసికుడా ప్రాంతములలో నా కాలముననే సముద్రము శాంతముగా నుండును. డిసెంబరు మొదలు ఫిబ్రవరి వఱకు ఈశాన్య పవనముల కాలము. అప్పుడు దీనికి విపర్యయము. మేము జనవరిలో తీసిన ఛాయాచిత్రములను చూచి మే నెలకు గాలె తీరము నెన్నుకొంటిమి! మఱియు 2025 నవంబరు చివర దిత్వా తుపాను అచ్చటి కొండచరియలను కూల్చి, రైలుమార్గములను పాడుచేసినది. కావున కొండరైలెక్కగోరువారు అది యే స్టేషను వఱకు నడచుచున్నదో ముందుగా విచారించుకొనవలెను.

రెండవది ఎండ. తెలుగువారము ఎండ నెఱిగినవారమని మనకొక గర్వము కలదు. బెజవాడలో మే నెలలో 40 డిగ్రీలు దాటును. కొలంబోలో 32 డిగ్రీలే గదా యని యందురు. కాని గాలిలో తేమ హెచ్చుగానున్నచో చెమట ఆఱదు. చెమట ఆఱనిచో దేహము చల్లబడదు. పైగా పసివాని దేహము బరువునకు మించిన చర్మవైశాల్యము గలది గనుక వెలుపలి వేడిని త్వరగా గ్రహించును. పెద్దవాడు దాహమైనచో అడుగును. రెండేండ్ల బిడ్డ విసుగుకొని యేడ్చును. ఆ యేడుపును దాహమని గ్రహింపవలసినవారము మనమే.

మూడవది దూరము. కాండీనుండి నువర ఎలియకు 80 కిలోమీటర్లకు మించదు గాని, మలుపుల త్రోవలో దాదాపు మూడు గంటలు పట్టును. అట్టి త్రోవలో బిడ్డలకు వాంతులగును. వారము దినములకు రెండు బసలు చాలును. బస మార్చిన దినమున మఱి యే వింతయు చూడబోరాదు.

నాలుగవది నీరును దోమలును. మలేరియా లేని దేశమని లంకకు 2016లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువపత్రమిచ్చినది. డెంగీ మాత్రము నేటికిని కలదు. ఆ దోమ పగటివేళ కుట్టును గనుక పగటినిద్రకును దోమతెఱ కావలెను. కాచి చల్లార్చిన నీరు, అప్పుడే వండిన యన్నము, మన చేత ఒలిచిన పండు క్షేమకరములు. కుక్కలను, కోతులను తాకనీయరాదు. కఱచినను గీరినను వెంటనే సబ్బుతో చాలసేపు కడిగి వైద్యునియొద్దకు పోవలెను. లవణపు పొట్లములను ఇంటినుండియే తీసికొనిపోవలెను. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబిస్ ఈ లవణజలముతోనే కలరా రోగుల ననేకుల బ్రతికించెను. పొట్లము దొరకనిచో ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆఱు సమచెంచాల పంచదారయు, అరచెంచా ఉప్పును కలుపవలెను. ఉప్పు హెచ్చరాదు. బిడ్డ మగతగానున్నను, కన్నీరు రాక యేడ్చినను, ఆఱు గంటలు మూత్రము పోయకున్నను, ఇంటివైద్యముతో కాలము గడపక వైద్యుని చూడవలెను.

ఇందుకు కొందఱు, "ఇంత శ్రమయేల? ఊహ తెలియని బిడ్డకు యాత్ర యెందుకు? అమ్మమ్మయొద్ద విడిచి పోరాదా?" యని ప్రశ్నింతురు. విడిచిపోవుట తప్పని మేమనము. చంటిబిడ్డకు జ్వరమున్నప్పుడు అదియే ఉత్తమము. కాని జ్ఞాపకముండుటయే యాత్రకు ఫలమైనచో పెద్దలమును సగము ఫలమును పోగొట్టుకొన్నవారమే. తండ్రి తీరికగా గట్టుపై కూర్చుండి తనతో ఉడుమును చూచుట బిడ్డకు గొప్ప లాభము. మఱికొందఱు, "ఇంత ద్రవ్యము వెచ్చించి అన్నియు చూడకుండ వచ్చుట నష్టము గాదా?" యందురు. టికెట్టు వెలను బిడ్డ యోర్పునుండి రాబట్టుకొనుట న్యాయము కాదని మా సమాధానము.

విద్యార్థులారా, మీకును ఇందు పాలు కలదు. ప్రయాణపు కాగితము వ్రాయునప్పుడు పెద్దల ప్రక్కన కూర్చుండుడు. మీ భూగోళశాస్త్రము చెప్పు ఋతుపవనముల పాఠమును అప్పుడు తీయుడు. మార్గమున చెల్లెలి నీళ్లసీసా మీరు మోయుడు. తమ్ముడు ఎన్నిమాఱులు త్రాగెనో మీరు లెక్కించుడు. మా పెద్దపిల్ల ఆ దినమున, "తమ్ముడు ప్రొద్దుటినుండి నీళ్లు త్రాగలేదు" అని రెండు మాఱులు చెప్పెను. మేము విగ్రహమును చూచుచు వినలేదు. తలిదండ్రులారా, పిల్లల మాట వినుడు. ఈ సంవత్సరమున మీరెక్కడికి పోయినను, ఊళ్ల పేర్లను వ్రాసిన తరువాత అందు సగము కొట్టివేయుడు. మిగిలిన సగమును పిల్లలతో కూడ సంతోషముగా చూచి, అందఱును ఆరోగ్యముతో ఇల్లు చేరుదురుగాక.